గోడ మీది మీటరును ఎవరు తనిఖీ చేస్తున్నారు?
(రైతుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కొనుగోలు కేంద్రంలో ధాన్యం తేమ 17 శాతం దాటిందా లేదా అన్న దగ్గర మనం ఎంత కొట్లాడతామో అందరికీ తెలుసు. అక్కడి మిషన్ గింజలోని తేమ చూస్తుంది. ఈరోజు చెప్పుకునేది వేరే మీటరు గురించి. గిడ్డంగి గోడకు తగిలించి, గాలిలో తేమ చూపేది. దాన్ని మనం పట్టించుకోం. కానీ పంట నిల్వ ఉన్నన్నాళ్లూ దాని మాటే చెల్లుతుంది.

దాని లోపల ఉండేది ఒక పలుచని పొర. అల్యూమినియం ఆక్సైడ్‌తోనో, ఒక రకం ప్లాస్టిక్‌తోనో చేస్తారు. అందులో కంటికి కనపడని సన్నని రంధ్రాలు ఉంటాయి. కొత్త కుండ నీటిని పీల్చినట్టు అవి గాలిలోని ఆవిరిని పీల్చుకుంటాయి. నీరు చేరినకొద్దీ ఆ పొర విద్యుత్తును నిలుపుకునే శక్తి పెరుగుతుంది. ఆ మార్పునే మీటరు శాతంగా చూపిస్తుంది. వంటగ్యాస్ లీకైతే మోగే అలారాల్లోనూ చాలావాటికి ఇలాంటి పొరే ఆధారం. అది టిన్ ఆక్సైడ్ పొర. వేడిగా ఉన్న ఆ పొరకు గ్యాస్ తగిలితే దానిలో కరెంటు సులువుగా పారుతుంది.

రంధ్రాలే దాని బలం, రంధ్రాలే దాని బలహీనత. దుమ్ము, మందుల ఆవిర్లు చేరినకొద్దీ అంకె తప్పుతుంది. గాలిలో 80 శాతం తేమ ఉన్నా మీటరు 65 చూపిందనుకోండి, ఎవరూ కదలరు. 70 శాతం పైన రోజుల తరబడి నిలిస్తే బూజు పడుతుంది. వేరుశనగ, మొక్కజొన్నల్లో ఆ బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని కూడా తెస్తుంది. అప్పుడు, "మీటరు బాగానే ఉంది, మీరే తడి సరుకు తెచ్చారు" అంటారు. నష్టం మన నెత్తిన పడుతుంది.

దీన్ని పరీక్షించడానికి ఇంజనీరు అక్కర్లేదు. సీసా మూతలో వంట ఉప్పు పోసి, ముద్దయ్యేలా కొద్దిగా నీళ్లు చల్లండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతనూ మీటరునూ గాలి చొరని డబ్బాలో ఒక రాత్రి ఉంచండి. ఉప్పు ముద్ద మీటరుకు తగలకూడదు. తెల్లారి మీటరు 75 శాతం దగ్గర చూపాలి. రెండు మూడు అంకెల తేడా ఫరవాలేదు. ఐదు దాటితే ఆ మీటరును నమ్మవద్దు.

అందుకే మనం అడగాల్సినవి మూడు. గిడ్డంగిలో నెలకోసారి ఈ పరీక్ష రైతుల ఎదుట జరగాలి. ఫలితం, తేదీ రిజిస్టరులో రాయాలి. తప్పు చూపే మీటరును వెంటనే మార్చాలి.

కాటా దగ్గర ముల్లు సున్నాపై ఉందో లేదో చూడకుండా మనం బస్తా ఎత్తం. ఈ మీటరు విషయంలోనూ అంతే పట్టుగా ఉందాం.