లవం పెరిగింది, హారం చూసుకోలేదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నాకిచ్చిన అంశం ‘స్మార్ట్‌ఫోన్ల పోటీలో గెలుపెవరిది?’ అని. ఇది ఎందుకిచ్చారో నాకు తెలుసు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఏడాదికి రెండు సార్లయినా ఐఫోన్ గొప్పా, ఆండ్రాయిడ్ గొప్పా అని పెద్ద గొడవ అవుతుంది. అమెరికాలో ఉన్న మిత్రుడు ‘ఇక్కడ ఎవరి చేతిలో చూసినా ఐఫోనే’ అంటాడు. ఇక్కడున్న మిత్రుడు ‘నీ ఒక్క ఫోన్ డబ్బుతో మా ఇంటిల్లిపాదికీ ఫోన్లొస్తాయి, మా వీధిలో అందరిదీ ఆండ్రాయిడే’ అంటాడు. రెండు రోజుల పాటు గుడ్ మార్నింగ్ మెసేజ్‌లు కూడా ఆగిపోతాయి. ఇంజనీరువి కదా, తీర్పు చెప్పమని నన్ను పిలిచారు.

తీర్పు చెప్పే ముందు నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. 2009 వార్షికోత్సవానికి నన్ను అతిథిగా పిలిచారు. ఇదే మైదానంలో మైకు పట్టుకుని, ‘సెల్‌ఫోన్ల సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలనుకుంటే సింబియన్ నేర్చుకోండి. నోకియా ఉన్నంత కాలం మీకు ఢోకా లేదు’ అని ధీమాగా చెప్పాను. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక సంస్థలో సింబియన్ ఫోన్లకు అప్లికేషన్లు రాసే బృందానికి పెద్దని. ఆ సభలో డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న మన పూర్వ విద్యార్థి ఒకబ్బాయి ఉన్నాడు. నా మాట విని, ఇంట్లో అడిగి ఇరవై వేలు తెచ్చుకుని, అమీర్‌పేటలో సింబియన్ కోర్సులో చేరాడు. 2012లో నాకు ఫోన్ చేసి, ‘సార్, ఇంటర్వ్యూకి వెళ్తే సింబియనా, అదింకా ఉందా అని అడుగుతున్నారు’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అప్పటికి నా బృందమే లేదు.

ఎక్కడ తప్పానో చెబుతాను. పిల్లలకు పనికొస్తుంది.

ఫోన్‌ను లోపల నుంచి నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటాం. అది, దాని మీద నడిచే యాప్‌లు, అవి దొరికే దుకాణం, వాటిని రాసే ఇంజనీర్లు, కొనే జనం అంతా కలిస్తే ఒక ప్లాట్‌ఫాం. నోకియా ఫోన్లలో ఉన్న సింబియన్ అలాంటిదే. గార్ట్‌నర్ సంస్థ లెక్కల ప్రకారం 2007లో ప్రపంచంలో అమ్ముడైన స్మార్ట్‌ఫోన్లలో 63 శాతానికి పైగా సింబియన్‌వే. ఆ ఏడాదే ఐఫోన్ వచ్చింది. మరుసటి ఏడాది మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ వచ్చింది. మేం ఆ రెండింటినీ చూసి నవ్వుకున్నాం.

అసలు లెక్క ఇప్పుడు చెబుతాను. 2009లో సుమారు 8 కోట్ల సింబియన్ ఫోన్లు అమ్ముడయ్యాయి. 2010లో 11 కోట్లు దాటాయి. ఒక్క ఏడాదిలో 3 కోట్లు పెరిగితే ఎవరు భయపడతారు? మా ఆఫీసులో స్వీట్లు పంచుకున్నాం. కానీ ఆ ఏడాదిలోనే మొత్తం స్మార్ట్‌ఫోన్ల అమ్మకాలు 17 కోట్ల నుంచి దాదాపు 30 కోట్లకు చేరాయి. అంటే సింబియన్ వాటా 47 శాతం నుంచి 38 శాతానికి పడిపోయింది. అదే కాలంలో ఆండ్రాయిడ్ 70 లక్షల లోపు నుంచి 6 కోట్ల 70 లక్షలకు ఎగబాకింది.

ఎనిమిదో తరగతిలో మా లెక్కల మాస్టారు బోర్డు మీద భిన్నం వేసి, ‘ముందు కింద చూడరా, తర్వాత పైన చూడు’ అనేవారు. పైనుండేది లవం, కిందుండేది హారం. నేను ఆ రెండేళ్లూ లవాన్నే చూశాను. హారం వైపు చూడలేదు.

హారం ఎందుకంత పెరిగింది? యాపిల్ 2008 జులైలో యాప్ స్టోర్ తెరిచింది. ఇంట్లో కూర్చున్న కుర్రాడు కూడా ఒక యాప్ రాసి ప్రపంచమంతా అమ్ముకునే వీలు వచ్చింది. గూగుల్ ఆండ్రాయిడ్‌ను తయారీదారులకు ఉచితంగా ఇచ్చింది. దాంతో సొంతంగా ఆపరేటింగ్ సిస్టమ్ రాసుకునే స్తోమత లేని కంపెనీ కూడా స్మార్ట్‌ఫోన్ తయారు చేయగలిగింది. సింబియన్ మాత్రం మెమరీ బహు తక్కువగా ఉన్న రోజుల్లో పుట్టినది. పొదుపు దాని ప్రాణం. ఒక చిన్న మాటను తెర మీద చూపించాలన్నా ప్రోగ్రామర్ నానా తంటాలు పడాలి. ఆ కష్టం మాకు గర్వంగా ఉండేది. ‘ఇది అందరి వల్లా కాదు’ అనుకునేవాళ్లం. అందరి వల్లా కాని దాని దగ్గరికి అందరూ రారని మాకు తట్టలేదు.

2011 ఫిబ్రవరి 11, శుక్రవారం. ఇకపై తమ స్మార్ట్‌ఫోన్లకు మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోనే ప్రధానమని నోకియా ప్రకటించింది. ఆ సాయంత్రం మా హాల్లో ముప్పై మందిమి ఉన్నాం. ఎవరూ ఇంటికి లేవలేదు. వాళ్లలో నెల కిందటే హోమ్ లోన్ తీసుకున్నవాళ్లు ఉన్నారు. ఆరు నెలల్లో మా విభాగం మూతపడింది.

విండోస్ ఫోన్ చెడ్డ ఫోనేం కాదు. నేనూ వాడాను. కానీ జనం తక్కువని యాప్‌లు రాసేవాళ్లు రాలేదు, యాప్‌లు లేవని జనం రాలేదు. 2014లో నోకియా ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్ కొనేసింది. ఆ ఏడాదే మన హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల గారు ఆ సంస్థ సారథి అయ్యారు. ఆ కొనుగోలు ప్రతిపాదన వచ్చినప్పుడు తాను వద్దని ఓటు వేశానని తర్వాత ఆయన తన పుస్తకంలో రాసుకున్నారు. 2015లో ఆ కొనుగోలు కింద 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేసుకున్నారు. అంత డబ్బున్న సంస్థ కూడా ఆ ఫోన్ల దగ్గరికి జనాన్ని రప్పించలేకపోయింది.

ఇక తీర్పు. ప్రపంచంలో వాడకంలో ఉన్న పది స్మార్ట్‌ఫోన్లలో ఏడు ఆండ్రాయిడ్‌వి. మన దేశంలో పదికి తొమ్మిదిన్నర. అమెరికాలో మాత్రం సగానికి పైగా ఐఫోన్లే. లాభాలు లెక్కేస్తే యాపిల్‌దే పైచేయి. కాబట్టి మా గ్రూపులో కొట్టుకునే మిత్రులిద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరి హారాలు వేరు, అంతే. ఒకరిది వాళ్ల ఊరు, ఇంకొకరిది మన వీధి. ఇకపై గొడవ మొదలయ్యే ముందు ‘దేనిలో వాటా?’ అని అడుక్కోండి. సగం గొడవ అక్కడే ఆగిపోతుంది.

ఈ హారంలో మనమూ ఉన్నామని ఒక మాట చెప్పాలి. ఒకప్పుడు చాలా ఫోన్లలో తెలుగు తెరిస్తే గళ్లు గళ్లుగా డబ్బాలు కనిపించేవి. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0తో ఫోన్ మెనూలన్నీ తెలుగులో వచ్చాయి. అది మన మీద జాలితో చేసిన పని కాదని నా నమ్మకం. ఇంగ్లిష్ చదివేవాళ్లు అప్పటికే కొనేశారు, ఇక కొనాల్సింది మన అమ్మలూ నాన్నలే. 2018 ఫిబ్రవరిలో ఇంకో చిత్రం జరిగింది. తెలుగులో ‘జ్ఞ’తో కూడిన ఒక అక్షర రూపం మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో యాప్‌లు ఉన్నపళంగా మూతపడేవి. యాపిల్ కొద్ది రోజుల్లోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. మన జ్ఞానం ముందు ఐఫోన్ కూడా తల వంచిందని అప్పుడు మా గ్రూపులో పండగ చేసుకున్నాం. నేను మాత్రం ఇంకోలా అనుకున్నాను. ఒక భాష వాడేవాళ్లు కోట్లలో ఉంటే దాని ఒక్క అక్షరం కూడా చిన్నది కాదు.

అయితే ఇద్దరే మిగిలిన పోటీలో ప్రమాదం కూడా ఉంది. ఆండ్రాయిడ్ బలాన్ని దుర్వినియోగం చేసిందని 2022 అక్టోబరులో మన కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337 కోట్లకు పైగా జరిమానా వేసింది. మనం చూసుకోవాల్సింది ఎవరు గెలిచారని కాదు, వద్దనుకుంటే బయటికి రాగలమా అని. అందుకే పెద్దలకు నా మనవి: మీ ఫోటోలు, ఫోన్ నంబర్లు ఒక్క ఫోన్‌నే నమ్ముకుని ఉంచకండి. ఏడాదికోసారి వేరే చోట కాపీ పెట్టుకోండి.

పిల్లలూ, 2009లో మీ అన్నలకు చెప్పినట్టు ఫలానాది నేర్చుకోండి అని ఈసారి చెప్పను. మా ముప్పై మందిలో త్వరగా నిలదొక్కుకున్నవాళ్లెవరో చూశాను. మెమరీ ఎలా పనిచేస్తుందో, ఒక లెక్కను తక్కువ మెట్లలో ఎలా చేయాలో లోతుగా తెలిసినవాళ్లు. వాళ్లకు ఆండ్రాయిడ్ మూడు నెలల పని అయింది. సింబియన్ ఒక్కటే తెలిసినవాళ్లకు మూడేళ్లు పట్టింది. నేను ఆ రెండో రకం. ప్లాట్‌ఫాంలు మారతాయి. బడిలో నేర్చుకునే భిన్నాలు మారవు.

ఆ ఇరవై వేల అబ్బాయి ఇప్పుడు మన సంఘం కార్యవర్గంలో ఉన్నాడు. ఈ సభకు నన్ను పిలిచింది కూడా తనే. పిలుస్తూ, ‘సార్, ఈసారి ఏం చెప్తారో ముందే రాసివ్వండి, సంచికలో వేస్తాం’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, అడిగే హక్కు తనకుంది. అందుకే రాసిచ్చాను. ఇందులో మళ్లీ తప్పుంటే, వచ్చే ఉత్సవానికి ఈ పేజీ తీసి నా ముందు పెట్టండి.