సీ డ్రైవ్ ఎర్రబడిందా? ఆ 22 జీబీ డిలీట్ చేసే ముందు ఒక్కసారి తెరిచి చూడండి

ఈ ఎపిసోడ్ అసలు ప్లాన్‌లో లేదు. పోయిన వారం రాత్రి పదకొండింటికి మా బాబాయి కొడుకు వీడియో కాల్ చేశాడు. వాడు కాకినాడలో బీటెక్ ఫైనల్ ఇయర్, హాస్టల్లో ఉంటాడు.

"అన్నా, సీ డ్రైవ్ రెడ్ అయిపోయింది. 900 ఎంబీ కూడా లేదు, ఆండ్రాయిడ్ స్టూడియో ఓపెన్ కావట్లేదు. టెంపరరీ ఫైల్స్‌లో ఒకటి 22 జీబీ చూపిస్తోంది, కొట్టేయనా?"

వాడిది 128 జీబీ ఎస్ఎస్‌డీ. విండోస్ దాన్ని 119 జీబీగానే చూపిస్తుంది, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే. అందులో 22 జీబీ అంటే చిన్న విషయం కాదు. నేను కూడా "కొట్టేయ్ రా" అనబోయాను. కానీ టిక్ పక్కన ఉన్న పేరు చదవమన్నాను. "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్" అన్నాడు.

"ఆగరా ఒరేయ్. ఈ మధ్య సిస్టమ్‌కి ఏం చేయించావు?"

"విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది కదా అన్నా, షాపులో 11 వేయించా. ఫార్మాట్ చేస్తే డేటా పోతుందని ముందే చెప్పారు. ప్రాజెక్ట్ కూడా పోయింది. మళ్లీ మొదట్నుంచి రాస్తున్నా. శనివారం రివ్యూ."

ఇక్కడే నాకు డౌట్ వచ్చింది. నిజంగా ఫార్మాట్ చేస్తే పాత విండోస్ అనేదే ఉండకూడదు. 22 జీబీ పాత ఇన్‌స్టలేషన్ కనిపిస్తోందంటే, షాపులో ఫార్మాట్ చేయకుండా పాతదాని మీదే కొత్తది వేశారన్నమాట. అలా వేసినప్పుడు విండోస్ పాత సరుకంతా మూటగట్టి సీ డ్రైవ్‌లోనే "విండోస్ డాట్ ఓల్డ్" అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. సిస్టమ్ ఫైల్స్ ఒక్కటే కాదు, మన డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ కూడా అందులోకి వెళ్లిపోతాయి.

సీ డ్రైవ్ తెరిపించాను. విండోస్ డాట్ ఓల్డ్, దాని లోపల యూజర్స్, దాని లోపల వాడి పేరు. పర్మిషన్ అడిగింది, కంటిన్యూ నొక్కమన్నా. డెస్క్‌టాప్ తెరిచాడు. కాసేపు సౌండ్ లేదు. కాల్ కట్ అయిందేమో అనుకున్నా. "అన్నా... ఉంది. మొత్తం ఉంది."

ఎన్ని రోజులైందని అడిగితే ఎనిమిది అన్నాడు. సాధారణంగా ఈ ఫోల్డర్‌ని విండోస్ 10 రోజులే ఉంచుతుంది, తర్వాత తనే తీసేస్తుంది. అంటే వాడు టిక్ కొట్టకపోయినా ఇంకో రెండు రోజుల్లో పోయేదే. ప్రాజెక్ట్, రికార్డులు, సర్టిఫికెట్ల స్కాన్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయించి, అక్కడ తెరుచుకుంటున్నాయని చూశాకే డిలీట్ చేయమన్నా. ఒక మాట, అందులోంచి సాఫ్ట్‌వేర్లు కాపీ చేస్తే పనిచేయవు. అవి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే.

మీలో చాలామందికి కేసు వేరే ఉంటుంది. సెట్టింగ్స్‌లోంచి మామూలుగా పెద్ద అప్‌డేట్ చేసుకుని ఉంటారు. అప్పుడు మీ ఫైల్స్ మీ దగ్గరే ఉంటాయి. విండోస్ డాట్ ఓల్డ్ ఉండేది వెనక్కి వెళ్లడానికి. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో "గో బ్యాక్" అని ఒకటి ఉంటుంది చూడండి, అది నడిచేది దీని మీదే. అప్‌డేట్ తర్వాత వైఫై, ప్రింటర్, కాలేజీ సాఫ్ట్‌వేర్ అన్నీ పనిచేస్తున్నాయా లేదా రెండు మూడు రోజులు వాడి చూడండి. బాగుంటే తీసేయండి. రైట్ క్లిక్ చేసి డిలీట్ కొడితే పర్మిషన్ లేదని సతాయిస్తుంది. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్, అక్కడ్నుంచే తీయాలి.

అదే లిస్టులో "విండోస్ అప్‌డేట్ క్లీనప్" ఉంటుంది. ప్రతి నెలా రెండో మంగళవారం వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్ల తాలూకు పాత ఫైల్స్ అవి. భయం లేదు, టిక్ పెట్టండి. కానీ అక్కడే "డౌన్‌లోడ్స్" అని కూడా ఉంటుంది, జాగ్రత్త. అది టెంపరరీ ఫైల్ కాదు, మీ డౌన్‌లోడ్స్ ఫోల్డరే! హాల్ టికెట్లు, నోట్స్ అన్నీ అందులోనే పడి ఉంటాయి కదా మనకి. ఊపులో అన్ని టిక్కులూ పెట్టేస్తే అవి రీసైకిల్ బిన్‌లోకి కూడా రావు.

ఇంకొకటి, విండోస్ ఫోల్డర్ లోపల "విన్ ఎస్ఎక్స్ఎస్" అని ఉంటుంది. ప్రాపర్టీస్ చూస్తే చాలా పెద్ద నంబర్ కనిపిస్తుంది. మా వాడు దాని మీద కూడా కన్నేశాడు. దాన్ని చేత్తో అస్సలు ముట్టుకోవద్దు. ఆ నంబర్ కూడా పూర్తిగా నిజం కాదు. ఇంట్లో చిన్నా అని, కాలేజీలో అసలు పేరుతో పిలిచే అబ్బాయిని ఇద్దరు మనుషులుగా లెక్కేస్తే ఎలా ఉంటుంది? అందులో చాలా ఫైల్స్‌కి సిస్టమ్‌లో వేరే చోట ఇంకో పేరు ఉంటుంది. ఫైల్ మాత్రం డిస్క్‌లో ఒక్కటే. దాన్ని పీకితే విండోసే బూట్ కాకపోవచ్చు.

ఇంకా కావాలంటే హైబర్నేషన్ ఉంది. ర్యామ్ సైజులో దాదాపు 40 శాతం దాని ఫైల్ తినేస్తుంది. 8 జీబీ ర్యామ్ ఉంటే 3 జీబీ పైనే. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ, స్పేస్, స్లాష్ హెచ్, స్పేస్, ఆఫ్ అని కొడితే ఆ ఫైల్ పోతుంది. స్పెల్లింగ్ స్క్రీన్ మీద ఉంది చూడండి. దీంతోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగిపోతుంది. ఎస్ఎస్‌డీ ఉన్నవాళ్లకి నా లెక్కలో అది పెద్ద నష్టం కాదు. హార్డ్ డిస్క్ అయితే ఆన్ అవడం కాస్త లేట్ అవుతుంది, అలాగే వదిలేయండి.

ఇవన్నీ అయ్యేసరికి మా వాడికి దాదాపు 29 జీబీ ఖాళీ వచ్చింది. టైమ్ ఒంటిగంట దాటింది. పడుకుంటా అన్నాడు. "పడుకుందువు గానీ, ముందు గిట్‌హబ్‌లో అకౌంట్ తెరువు" అన్నా. ప్రాజెక్ట్ అప్‌లోడ్ అయిందని కళ్లారా చూశాకే కాల్ పెట్టేశా.

వచ్చే ఎపిసోడ్‌లో అదే పని ఫోన్‌లో, వాట్సాప్ మీడియాతో. ఉంటాను మరి.