సహరీ ప్యాకెట్టు కొనే ముందు



రంజాన్ కిట్లలో సహరీ కోసం 'హై ప్రోటీన్' టిఫిన్ ప్యాకెట్లు కూడా పెట్టమని కొందరు దాతలు అంటున్నారు. మంచి ఆలోచనే. కొనే ముందు ప్యాకెట్టు వెనుక వైపు కూడా చదువుదాం.

దేశంలో 2018 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం, రోజుకు కావలసిన ప్రోటీన్‌లో 20 శాతం 100 గ్రాముల ఘనాహారంలో ఉంటే 'హై ప్రోటీన్' అని రాసుకోవచ్చు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కలో 65 కిలోల పురుషుడికి రోజుకు కావలసింది 54 గ్రాములు. అంటే 100 గ్రాముల్లో 11 గ్రాములుంటే ఆ మాట రాయవచ్చు. అలాంటి ప్యాకెట్టులో ఒక పూటకు 40 గ్రాములే తింటే అందేది దాదాపు నాలుగున్నర గ్రాములు. ఒక్క కోడిగుడ్డులోనే సుమారు ఆరు గ్రాములుంటుంది. 50 గ్రాముల పెసలతో పెసరట్లు వేస్తే 11 గ్రాములు వస్తుంది.

మన ఓడరేవులో బరువులు మోసేవారు, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పనికి వెళ్లేవారు రోజా ఉండి పగలంతా శ్రమిస్తారు. వండుకోగల ఇళ్లకు పెసలు, శనగలు, గుడ్లు ఇద్దాం. వంట వసతి లేని గదుల్లో ఉండేవారికి ప్యాకెట్లే మేలు. వాటిని పూటకు అందే ప్రోటీన్ ఎంతో, చక్కెర, ఉప్పు ఎంతో చూసి ఎంచుదాం.

మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక. ఆమీన్.