పాస్తాలో ఆలుగడ్డా? నేపుల్స్ ఇళ్లలో ఇదే భోజనం!

పోయిన వీడియో కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు, "అన్నా, పాస్తాలో ఆలుగడ్డ ఏంటి, పిండి మీద పిండి కదా" అని. నవ్వొచ్చింది. అన్నంలో ఆలూ వేపుడు కలుపుకునేటప్పుడు ఈ లెక్క గుర్తు రాదేం తమ్ముడూ?

నేపుల్స్‌లో దీన్ని 'పాస్తా ఎ పతాతె' అంటారు. పేదవాళ్ల ఇంటి వంట. ఒకప్పుడు అక్కడి కొట్లలో పాస్తా విడిగా తూచి అమ్మేవాళ్లు. అడుగున మిగిలిన ముక్కలు, విరిగినవి, రకరకాలవి అన్నీ కలిపి చవగ్గా ఇచ్చేసేవాళ్లు. ఈ వంటలో పడేది ఆ కలగూరగంపే. ఇప్పుడేమో కంపెనీలు ఆ కలగలుపునే కావాలని తయారుచేసి, 'పాస్తా మిస్తా' అని ప్యాకెట్లో పెట్టి అమ్ముతున్నాయి! ఛీజ్ గట్టి తొక్క కూడా పారేయరు. గీకి, కడిగి కుండలో వేస్తారు, మెత్తబడ్డాక పిల్లలు దానికోసం కొట్టుకుంటారు.

నేను మొదటిసారి వండింది అమీర్‌పేట రూమ్‌లో, జీతం ఆగిపోయిన నెలలో. మూడు ప్యాకెట్ల అడుగున మిగిలిన పాస్తా, రెండు ఆలుగడ్డలు, ఒక ఉల్లిపాయ, అంతే సరుకు. మనకు అలవాటు కదా, పాస్తా విడిగా ఉడికించి నీళ్లు సింకులో వంపేశా. దేని దారి దానిదే అయిపోయింది, చప్పగా, పొడిపొడిగా. రూమ్మేట్ ఏమీ అనలేదు, పచ్చడి సీసా తెచ్చి మధ్యలో పెట్టాడు.

తప్పు ఎక్కడంటే, ఆ పారబోసిన నీళ్లలోనే గంజి ఉంది. చిక్కదనం దాని వల్లే వస్తుంది.

ఇలా చేయండి, ఇద్దరికి. 300 గ్రాముల ఆలుగడ్డ చిన్న ముక్కలు. నూనెలో ఉల్లి, క్యారెట్ మెత్తగా మగ్గించి (అక్కడైతే సెలెరీ, పంది కొవ్వు కూడా వేస్తారు), ఆలు, కాస్త టమాటా వేసి, మునిగేలా నీళ్లు పోయండి. ఆలు చిదిమితే చిదిగేలా ఉడికాక, 150 గ్రాముల పాస్తా పచ్చిదే అందులో వేయాలి. వేడినీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ కలుపుతూ ఉండండి, లేకపోతే అడుగంటుతుంది. స్టవ్ ఆపాక ఛీజ్. వాళ్లు పొగబెట్టిన 'ప్రోవోలా' వాడతారు, మనకు మొజరెల్లా చాలు. మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. గరిట నిలబడేంత చిక్కగా ఉండాలి, సూప్‌లా జారితే ఇంకా కాలేదన్నమాట.

వెజ్ వాళ్లకు ఒక మాట. అసలైన పార్మిజాన్‌లో దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ప్యాకెట్ మీద చదివి కొనండి.

రెండోసారి కుదిరింది. ఆ రాత్రి అమ్మ ఫోన్ చేసి "తిన్నావా నాన్నా" అంటే, చాలా రోజులకు అబద్ధం చెప్పకుండా "కడుపునిండా తిన్నానమ్మా" అన్నా.

జెనోవా వాళ్లయితే పెస్తో పాస్తాలో ఆలు, బీన్స్ వేస్తారు, అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటా మరి!