పట్టుపురుగు గూడు ఎందుకు కట్టలేదు?
(ఉగాది సభలో చేసిన ఉపన్యాసం)

సంఘంవారు మమ్మల్ని మాట్లాడమన్నప్పుడు "మేమేమి పండితులమా?" అన్నాము. "మీకు తెలిసిన పురుగుల సంగతే చెప్పండి" అన్నారు. ఉగాది పచ్చడి తిన్న నోటితో పురుగుల మాటేమిటని ఎవరూ విసుక్కోవద్దు. మన ఉడుమలైపేట చుట్టుపట్ల ఎన్నో ఇండ్లలో ఈ పురుగు పెట్టిన కూడే తింటున్నారు.

రెండేండ్ల క్రిందట మా షెడ్డులో ఒక పంట పోయింది. నాలుగో జ్వరం దాటి పురుగులు చక్కగా లేచినవి, ఆకు ఆవురావురుమని తిన్నవి. ఏడో రోజుకు పండవలసినవి పండలేదు. ఎనిమిది, తొమ్మిది, పది రోజులు గడిచినవి. ఒళ్ళు లావెక్కుతున్నదే గాని తల పైకెత్తి దారం తీసే జాడ లేదు. నేత్రికల మీద వేస్తే క్రిందికి దిగివచ్చి మళ్ళీ ఆకు వెదుక్కున్నవి. ఇంట్లో పెద్దమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. మేము గుడ్లు ఇచ్చినవారిని తిట్టాము. చివరకు గుంట తీసి అన్నిటినీ పూడ్చాము. రోగం తగిలి చచ్చిన పురుగును చూస్తే ఇంత బాధ కలుగదు సుమండీ! బ్రతికి, బలిసి, తన పని తాను మరచిన పురుగును చూడటం మహాకష్టం.

ఆ పనిని దానికి గుర్తుచేసేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు పోలండు దేశంలో మొదలయింది. స్టెఫాన్ కోపెచ్ అనే ఆయన గొంగళిపురుగుల మెదడు తీసివేసి చూశాడు. ముందుగా తీస్తే పురుగు ప్యూపా కాలేదు. కొన్ని రోజులు ఆగి తీస్తే అయింది. అంటే ఆ నడుమ మెదడు ఏదో రసం వదిలి తన ఆజ్ఞ పంపేసిందన్న మాట. ఈ సంగతి ఆయన 1917లోనూ, 1922లోనూ ప్రచురించాడు. మెదడు కూడా గ్రంథి వలె రసం వదులుతుందంటే ఆనాడు నమ్మినవారు తక్కువ. ఆ మహానుభావుణ్ణి 1941లో నాజీలు కాల్చి చంపారు.

పట్టుపురుగు మెదడు ఆవగింజలో భాగం. అందులో కుడివైపు రెండు, ఎడమవైపు రెండు, వెరసి నాలుగే నాలుగు కణాలు ఈ ఆజ్ఞను తయారుచేస్తవి. అవి నరాల కణాలే, గ్రంథి పని కూడా చేస్తవి. ఆ ఆజ్ఞ అందగానే రొమ్ములోని గ్రంథి ఎక్డైసోన్ అనే హార్మోను వదులుతుంది. అప్పుడు పురుగు మేత మాని, కడుపు ఖాళీ చేసుకొని, గూటికి చోటు వెదుకుతుంది. ఈ ఎక్డైసోన్‌ను 1954లో జర్మనీలో బుటెనాంట్, కార్ల్‌సన్ అనేవారు వేరుచేశారు. 500 కిలోల పట్టు ప్యూపాల నుండి వారికి దొరికింది 25 మిల్లీగ్రాములు! 1960లో దానినే ఒక చిన్న దోమజాతి పురుగులోకి ఎక్కించి చూస్తే, దాని క్రోమోజోముల మీద కొన్ని చోట్ల ఉబ్బులు లేచినవి. నిద్రలో ఉన్న జన్యువులు మేల్కొన్న గుర్తు అది.

జన్యువంటే ఏమిటని ఆడవారు అడుగుతారు గదా. మన నేతవారి జకార్డ్ అట్టలను తలచుకోండి. ప్రతి కణంలోనూ అట్టల కట్ట మొత్తం ఉంటుంది. ఏ వేళకు ఏ అట్ట మగ్గం మీదికి ఎక్కాలన్నదే ప్రశ్న. ఎక్కించేవీ దించేవీ ఈ రసాయనాలే.

ఇక దించేదాని సంగతి. తల వెనుక మరొక చిన్న గ్రంథి బాల్య హార్మోనును వదులుతుంది. అది కణంలోకి పోయి, మెట్ అనే ప్రోటీనును పట్టుకొని, జన్యువుల మీద కూర్చుంటుంది. "ఇంకా పిల్లవాడివే, తిను" అని దాని బోధ. అయిదో దశ మొదట్లో అది ఉన్నంతవరకు మెదడులోని ఆ నాలుగు కణాలూ ఆజ్ఞ విడువవు. అది తగ్గిపోతేనే గూటికి దారి.

ఈ బాల్య హార్మోనును పోలిన మందులను మనుషులు తయారుచేశారు. తెల్లదోమ, దోమ పిల్లలు పెద్దవి కాకుండా చేయటానికి అవి పనికివస్తవి. పైరిప్రాక్సిఫెన్ అటువంటిదే. ఫెనాక్సికార్బ్ మరొకటి. 1980ల చివరి నుండి ఉత్తర ఇటలీలో పండ్లతోటల మీద ఫెనాక్సికార్బ్ కొడితే, గాలికి కొట్టుకువచ్చిన తుంపర మల్బరీ ఆకు మీద పడి, అక్కడి పట్టుపురుగులు గూళ్ళు కట్టటం మానినవి. మా షెడ్డులో చూసినదే వారూ చూశారు!

చిత్రమేమంటే ఇదే కుటుంబంలోని మెథోప్రిన్‌ను అతి స్వల్పంగా ఇస్తే పురుగు మరొక పూట ఎక్కువ తిని, గూడు బరువెక్కుతుంది. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థవారి 'సంపూర్ణ' దీనికి ఎదురు దారిది. మొక్కల నుండి తీసిన ఎక్డైసోన్ జాతి పదార్థం అది. నాలుగు పురుగులు పండగానే ఆకు మీద చల్లితే మిగిలినవీ వెంట వెంటనే పండుతవి. కూలివారు దొరకని ఈ రోజుల్లో అది ఎంత మేలో మన రైతులకు చెప్పనక్కరలేదు.

2016లో మన పొరుగున పొళ్ళాచ్చి కొబ్బరికి కొత్త తెల్లదోమ వచ్చింది. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గుడ్లు పెడుతుంది. అప్పటి నుండి కొబ్బరివారి బాధ కొబ్బరివారిది. మా పంట పోయిన వారమే పక్క తోటలో మందు కొట్టారు. తోట మా బావగారిదే. ఖాళీ డబ్బా గట్టు మీద దొరికింది. ఇంగ్లీషులో చీమల బారులాంటి అక్షరాలు. మా చెల్లెలి కూతురు చదివింది: పైరిప్రాక్సిఫెన్.

పోట్లాట జరిగింది, దాచటమెందుకు. నెల రోజులు మాటలు లేవు. "నా చెట్లు ఎండిపోతుంటే చూస్తూ కూర్చోనా?" అని ఆయన అన్నదాంట్లోనూ న్యాయం లేకపోలేదు. తరువాత ఇద్దరమూ వ్యవసాయ విశ్వవిద్యాలయంవారి సలహా విన్నాము. ఆ తెల్లదోమకు మందు కంటే దానిని తినే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగను కాపాడటం మేలు, పసుపు జిగురు అట్టలు కట్టండి, బూజు నలుపుకు మైదా గంజి చల్లండి అన్నారు. ఆయన అట్టలు కట్టారు. ఏదైనా కొట్టక తప్పకపోతే ముందురోజు "బావా, రేపు కొడుతున్నా, ఆకు కోసుకో" అని కబురు పంపుతారు. గట్టు పక్క నాలుగు వరుసల ఆకు మేము పురుగులకు వేయటం మానుకున్నాము, మేకలకు వేస్తున్నాము.

నిన్న మా షెడ్డులో పురుగులు నేత్రికలు ఎక్కినవి. సభ కాగానే త్వరగా ఇల్లు చేరాలి, సెలవు.