శవం లేని చావుకు దినాలెప్పుడు?

ఈ స్మారకోపన్యాసం మాస్టారి పేరిట జరుగుతోంది. ఆయన పాండిత్యం గురించి ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. నేను కలిపేది చిన్న సంగతి. చావింటికి పోతే ఆయన ఓదార్పు మాట ఒక్కటీ పలికేవారు కాదు. అరుగు మీద కూర్చుని, కాటికి పోయేవాళ్లకు మంచినీళ్లు అందాయా లేదా చూసేవారు.

శోకం గురించి అందరికీ తెలిసిన సంగతులను దాటేస్తాను. ఫ్రాయిడ్ 1917 వ్యాసం, 1969లో కుబ్లర్ రాస్ చెప్పిన అయిదు దశలు మీరు చదివే ఉంటారు. ఆ దశలు చావుకు దగ్గరైన రోగులతో మాట్లాడి రాసినవనీ, వెనక మిగిలినవాళ్లను చూసి రాసినవి కావనీ కూడా తెలుసు. నా పాత పేచీ వేరే. శోకం మనిషి లోపల జరిగే వ్యవహారమని మన కౌన్సెలింగ్ అంతా నమ్ముతుంది. అది సమాజం విధించే బాధ్యత అని సమాజశాస్త్రవేత్త దుర్ఖైం 1912లోనే రాశాడు. దినాలకు పిలవకుండానే వచ్చి కూర్చునే చుట్టాలను చూసినవాళ్లకు ఆ మాట వింతేమీ కాదు.

ఆ బాధ్యత తీర్చుకునే దారి మూసుకుపోయిన చోటు, పటాన్‌చెరు దగ్గరి పాశమైలారం. 2025 జూన్ 30న సిగాచి ఫ్యాక్టరీ పేలిపోయింది. మృతుల లెక్క చివరికి 54కు చేరింది. బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ కూలీలు వాళ్లలో చాలామంది. పటాన్‌చెరు ఆస్పత్రి దగ్గర కుటుంబాలు డీఎన్ఏ ఫలితాల కోసం కాచుకున్నాయి. ఆ 54లో ఎనిమిది మంది ఆనవాలు మాత్రం దొరకలేదు. వాళ్ల కుటుంబాలను మూడు నెలలాగి రమ్మని ఇళ్లకు పంపారు.

ఇలాంటి కుటుంబాల గురించి మాట్లాడేటప్పుడు మన మనోవిజ్ఞానులు పాలీన్ బాస్ పేరెత్తుతారు. తేలని నష్టం అనే ఆలోచన ఆమెది. వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో మొదలుపెట్టి, 1999లో పుస్తకం రాసింది. ఉన్నాడో లేడో తెలియని స్థితిని భరిస్తూ బతకడం నేర్చుకోవాలంటుంది. ఆమె మీద నాకు గౌరవముంది. కానీ ఆ సిద్ధాంతాన్ని ఇక్కడికి తెచ్చి అతికించడం అన్యాయం. పాశమైలారంలో తేలనిదేముంది? షిఫ్టుకు ఎవరు వెళ్లారో, ఎవరు తిరిగి రాలేదో తెలుసు. తేలనిది మరణ పత్రమనే కాగితం ఒక్కటే.

బాస్ స్వయంగా పనిచేసిన న్యూయార్క్‌నే చూడండి. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఆమె అక్కడి కార్మిక సంఘం కుటుంబాలతో మాట్లాడింది. శవం లేకున్నా మరణ పత్రాలిచ్చే ఏర్పాటు అక్కడ ఆ నెలలోనే మొదలైంది. అక్టోబర్ చివర, జంట భవనాలు కూలిన చోటి మట్టిని కలశాల్లో పెట్టి ఇళ్లవాళ్లకిచ్చారు. బాస్‌ను ఉటంకించేవాళ్లు ఈ భాగం ఎందుకు వదిలేస్తారో నాకు అర్థం కాదు.

శవం లేకుండా చనిపోయాడని తేల్చడానికి ఏడేళ్లు గడవాలి కదా అని ఒక న్యాయవాది మిత్రుడు నాతో వాదించారు. 1872 సాక్ష్య చట్టం 108వ సెక్షన్ నుంచి వస్తున్న నియమమది. జాడ తెలియని మనిషి సంగతిలో అది సబబే. కానీ 2021 ఫిబ్రవరిలో చమోలీ వరద తర్వాత, గల్లంతైనవాళ్ల మరణాలను ఏడేళ్లు ఆగకుండా నమోదు చేసే పద్ధతిని కేంద్రమే ఇచ్చింది. ప్రకటన వేసి, అభ్యంతరాలు విని, పత్రమివ్వడమే. కొండల్లో కుదిరింది గేటు దగ్గర హాజరు వేసే ఫ్యాక్టరీలో కుదరదా?

జాడ లేకపోవడానికీ శవం లేకపోవడానికీ ఉన్న తేడా ధర్మశాస్త్రాలకు తెలుసు. కాణే రాసిన ధర్మశాస్త్ర చరిత్ర నాలుగో సంపుటం తిరగేయండి. దేశాంతరం పోయి ఆచూకీ లేనివాడి కోసం ఏళ్ల తరబడి ఆగమన్నారు. చచ్చాడని తెలిసి శవం దొరకనివాడికి దర్భలతోనో మోదుగాకులతోనో బొమ్మ చేసి దహనం చేయమన్నారు. కర్మ చేస్తే చాలదా అంటారు కొందరు. చాలదు. పత్రం లేనిదే పీఎఫ్ రాదు, ఈఎస్ఐలో ఆశ్రితుల పింఛను కదలదు. వాటికోసం ఆఫీసుల చుట్టూ తిరిగే ఆడమనిషికి దుఃఖం దిగమింగుకోమని చెప్పడం నాకు చేతకాదు. 14416 టెలీమానస్ మానసిక సహాయ నంబరు మంచిదే, రాత్రి నిద్రపట్టనివాళ్లు ఫోన్ చేయాలి. కాకపోతే ఫోన్‌లోని ఆ గొంతు కలెక్టరేట్‌లో ఫైలు కదపలేదు.

ఇప్పుడు నేను చేస్తున్న పని, శోకం సమాజపు బాధ్యత అనే ఈ వాదం నుంచి పుట్టిందే. ఊరు దూరమైన కార్మికుడు పోతే, అతని రూమ్మేట్లే చుట్టాలవుతారు. చందాలు వేసి శవాన్ని రైలెక్కించేది, సామాను సర్ది పంపేది, పదో రోజు నలుగురికి అన్నం పెట్టేది వాళ్లే. నేను చదివిన ఏ పుస్తకమూ దీన్ని సాయమని లెక్కించలేదు. ఆ అనుభవాలు పోగుచేస్తున్నాను. పటాన్‌చెరు, ఇస్నాపూర్, బొల్లారం, జిన్నారం అద్దెగదుల్లో అలా చేసినవాళ్లు మీకు తెలిసి ఉంటే నాకు చెప్పండి. హిందీలో, ఒడియాలో చెప్పినా సరే, రాసుకుంటాను.