విశ్వవిద్యాలయ గ్రంథాలయము – దానిని నడుపు చేతులు
(అధ్యక్షోపన్యాసము)



ఈ సదస్సునకు అధ్యక్షత వహింపవలసినదిగా నిర్వాహకులు కోరినప్పుడు నాకు సంతోషముతోపాటు కొంత సంకోచము కూడ కలిగినది. నేను గ్రంథాలయశాస్త్రము నభ్యసించినవాడను గాను. నలువది సంవత్సరములు తెలుగు సాహిత్యమును బోధించినవాడను. ఆ నలువది ఏండ్లును గ్రంథాలయముల గడపలు తొక్కుచు, అందు పనిచేయువారి ఆదరముచేతనే నా చదువును, నా విద్యార్థుల చదువును సాగించుకొన్నవాడను. పరిశోధనగ్రంథముల పీఠికలలో ఒక్క కృతజ్ఞతావాక్యముతో ముగిసిపోవుచున్న ఆ ఋణమును గూర్చి తీరికగా మాటాడు అవకాశము ఈనాడు లభించినది గనుక, సంకోచమును ప్రక్కకు నెట్టి మీ యెదుట నిలిచితిని.

విశ్వవిద్యాలయముల ప్రమాణములు పెరుగవలెనను మాట ఇప్పుడు ప్రతి సభలోను వినబడుచున్నది. 1994లో ఏర్పడి, వాడుకలో నాక్ అని పిలువబడుచున్న జాతీయ మదింపు సంస్థ, విద్యాలయములను పరీక్షించునప్పుడు గ్రంథాలయమును గూడ లెక్కలోనికి తీసికొనుచున్నది. ఎన్ని గ్రంథములున్నవి, ఎన్ని పత్రికలు వచ్చుచున్నవి, ఏటేట ఎంత ధనము వెచ్చించిరి అనునవి అడుగదగిన ప్రశ్నలే. కాని ఒక విద్యార్థి ఉదయము పది గంటలకు ఒక పుస్తకము పేరు చీటీమీద వ్రాసి యిచ్చినచో అది అతని చేతికి ఎప్పుడు వచ్చెను, రానిచో ఏల రాలేదు, లేదని చెప్పిన ఉద్యోగి అంతటితో ఊరకుండెనా లేక దానికై వెదకెనా అను ప్రశ్నలకు ఏ పట్టికలోను నాకు గడి కనబడలేదు. విశ్వవిద్యాలయముయొక్క యోగ్యతను నేను ఆ లేని గడిలోనే చూచుచున్నాను.

ఈ సంగతిని మన దేశములో మిక్కిలి లోతుగా గ్రహించినవారు షియాలి రామామృత రంగనాథన్ గారు. గణితాధ్యాపకులుగా నుండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నియుక్తులైన ఆయనకు, తొలి దినములలో ఆ కొలువు రుచింపక, మరల తరగతి గదికే పోవుదునా యనిపించినది. ఇంగ్లండునకు పోయి, అచ్చటి గ్రంథాలయములు చదువరులకు ఏవిధముగా సేవ చేయుచున్నవో కన్నులార చూచిన పిమ్మట ఆయన మనస్సు మారినది. ఆ మార్పునుండియే 1931లో గ్రంథాలయశాస్త్ర పంచసూత్రములును, 1933లో కోలన్ వర్గీకరణమును వెలువడినవి. చదువరి కాలము వృథా కారాదనునది ఆ సూత్రములలో నొకటి. గ్రంథములు, చదువరులు, సిబ్బంది అను మూటిని ఆయన త్రిమూర్తులవలె విడదీయరానివిగా భావించెను. గ్రంథముల కొనుగోలునకు మనము సంఘములు వేయుచున్నాము. చదువరులకొరకు విశాలమైన పఠనమందిరములు కట్టుచున్నాము. మూడవ మూర్తికి మాత్రము, పదవీవిరమణము జరిగిన పిమ్మట ఆ స్థానమున మరియొకరిని నియమింపవలెనను తలంపే మనకు కలుగుటలేదు.

మన సాహిత్యచరిత్రను కొంచెము వెనుకకు పోయి చూడుడు. కాలిన్ మెకంజీ దొర సేకరించిన కైఫీయతులని మనము పేరు పెట్టి చెప్పుకొనుచున్నాము. గ్రామగ్రామమునకు పోయి, కరణముల నడిగి, దండకవిలెలు విప్పించి, శాసనములకు ప్రతులు వ్రాయించినవారు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులును, వారి తోడి సహాయకులును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర కడపలోని తన బంగళాలో పండితులను చేర్చి, జీతములిచ్చి, తాళపత్రముల పాఠములను సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయింపనిచో ఎన్ని కావ్యములు మనకు దక్కియుండెడివో చెప్పజాలము. ఆ పండితులు కూర్చున్న చోటు విశ్వవిద్యాలయము కాదు. వారు చేసినది మాత్రము నేడు విశ్వవిద్యాలయములు చేయవలసిన పనియే. మానవల్లి రామకృష్ణకవి గారు నన్నెచోడుని కుమారసంభవమును 1909లో ప్రకటించి తెలుగు కవుల కాలనిర్ణయచర్చ నంతటిని కదలించివైచిరి. అందులకు ఆయన ప్రతిభ కారణమనుట నిస్సంశయము. కాని ఆ ప్రతి తంజావూరి సరస్వతీమహలులో ఆయన కంటబడువరకు నిలిచియుండుటకు కారణము, పురుగు తినకుండ ఆకులు తుడిచి, నూనె రాచి, ఎండ తగులని చోట కట్టలు కట్టి పెట్టిన కొన్ని తరముల చేతులు. వారిలో ఒక్కరి పేరైనను మన సాహిత్యచరిత్రలలో లేదు.

ఇక సూచికాకారుల పనిని గూర్చి చెప్పెదను. ఈ విషయమున నాకు మక్కువ యెక్కువ గనుక కొంచెము విస్తరించినను క్షమింపుడు. తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందుండును. విశ్వనాథ సత్యనారాయణ గారి గ్రంథములను ‘వి’ కింద పెట్టవలెనా, ‘స’ కింద పెట్టవలెనా? పాశ్చాత్యులకొరకు ఏర్పడిన నియమమును ఆలోచన లేక అన్వయించినచో, ఒక గ్రంథాలయమున ఆయన ఒకచోటను, మరియొక గ్రంథాలయమున వేరొకచోటను కనబడును. ఒకే గ్రంథాలయమున రెండుచోట్ల కనబడుటయు నేనెరుగుదును. శ్రీరంగం శ్రీనివాసరావు గారిని శ్రీశ్రీ అను పేరుతో తప్ప ఎవ్వరును వెదకరు. భాగవతుల సదాశివశంకరశాస్త్రి గారే ఆరుద్ర యని తెలియని విద్యార్థికి, ఒక పేరునుండి మరియొక పేరునకు దారి చూపు చిన్న కార్డు లేనిచో, ఆయన రచనలలో సగము లేనట్లే. శ్రీమద్రామాయణము, శ్రీమదాంధ్ర మహాభాగవతము మొదలగు పేర్లనన్నిటిని ‘శ్రీ’ కింద కుప్పవోసినచో రామాయణము కొరకు ‘రా’ కింద వెదకువాని గతి యేమి? అనుస్వారమునకు ముందు స్థానమా వెనుక స్థానమా, బండి ఱ ఎక్కడ రావలెను, అరసున్నను లెక్కింపవలెనా విడువవలెనా, ‘కావ్యము’ అనుదానిని ‘కావ్యం’ అని వెదకువానికి అది దొరకునా? ఇవన్నియు చిన్న ప్రశ్నలుగా తోచును. కాని ఒక పరిశోధకుని రెండు సంవత్సరముల శ్రమ సఫలమగునా విఫలమగునా యనునది తరచుగా ఇట్టి ప్రశ్నలమీదనే ఆధారపడియుండును. గణకయంత్రములు వచ్చిన తరువాత ఈ చిక్కు తీరలేదు సరికదా కొంత పెరిగినది. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరములలో ఎక్కించునప్పుడు ఒకే వేంకటేశ్వరరావు గారు మూడు విధములుగా మారి ముగ్గురగుచున్నారు. యంత్రము తనకిచ్చినదానినే తిరిగి యిచ్చును. ముగ్గురు ఒక్కరేయని గుర్తింపగలుగుట తెలుగు సాహిత్యము తెలిసిన సూచికాకారునికే సాధ్యము.

నా స్వానుభవము నొకదానిని మనవి చేసెదను. పరిశోధన చేయుచున్న దినములలో ఒక పాత మాసపత్రిక సంచికలు నాకు కావలసివచ్చినవి. ఒక విమర్శవ్యాసము మొదట ఏ నెలలో అచ్చయినదో తేలినగాని నా వాదము నిలువదు. ఆ పత్రికవారు నెలను, సంవత్సరమును అట్టమీద మాత్రమే ముద్రించెడివారు. నేను వెళ్లిన మొదటి గ్రంథాలయములో సంచికలను కలిపి కుట్టునప్పుడు అట్టలను, ప్రకటనల పుటలను చించి పారవేసియుండిరి. అది అప్పటి రివాజు. రెండవచోట ఆ సంపుటము అరలో లేదు. బల్లవద్దనున్నవారు లేదనిరి. నేను మరలిపోవుచుండగా అచ్చటి అటెండరొకరు వెంట వచ్చి, “అయ్యా, అది కుట్టు ఊడి మేడకింద బైండింగు గదిలో ఉన్నట్లు నాకు జ్ఞాపకము, రండు” అని పిలుచుకొనిపోయినాడు.

ఆ గదిలో ఒక వృద్ధుడు నేలమీద కూర్చుండి, మైదాజిగురులో మైలుతుత్తము కలిపి, కర్రతో త్రిప్పుచుండెను. ఆ తుత్తము పురుగును దరిజేరనీయదు. ఆయన ఆ సంపుటమును నా చేతికిచ్చినప్పుడు, పన్నెండు సంచికల అట్టలును, ప్రకటనలతోసహా, వరుస తప్పక చివర కుట్టియుండుట చూచితిని. లోపలి అంచు సన్నముగా నున్న పుటలకు అక్షరములు కుట్టులో పడకుండ కాగితపు పట్టీలు అతికించి, ఆ పట్టీలమీద దారము పోనిచ్చియుండెను. అట్టలు తీసివేయుమని చెప్పియున్నను ఏల ఉంచితిరని అడుగగా, “తేదీలు దానిమీదనే గదా ఉన్నవి బాబూ, అవి తీసివేస్తే పుస్తకము తలలేని మొండెము కాదా” అనెను. ఆయన చదివినది అయిదవ తరగతి. గ్రంథముయొక్క రచనాకాలమును నిర్ణయించు పద్ధతులను గూర్చి నేను చదివిన శాస్త్రగ్రంథముల సారము ఆ మాటలోనున్నది. నా సిద్ధాంతవ్యాసములోని మూడవ ప్రకరణము ఆ కుట్టుమీద నిలిచినది. ఆయన పేరు పీఠికలో వ్రాయవలెనని అప్పటికి నాకు తోచలేదు. అది నా దోషము. ఇంతమంది యెదుట ఒప్పుకొనుచున్నాను.

అట్టి బైండింగు గదులు ఇప్పుడు పెక్కుచోట్ల మూతబడినవి. పని ఊరిలోని దుకాణమునకు పోవుచున్నది; అచ్చట అంచులు కత్తిరించు యంత్రమునకు అక్షరమునకును ఖాళీకిని భేదము తెలియదు. అరలను నిత్యము చూచి, చోటు తప్పిన పుస్తకమును దాని సంఖ్యవద్దకు చేర్చెడి ఉద్యోగము పొరుగు సేవల క్రిందికి వెళ్లినది. ఏడాదికొకసారి మారువారికి అరల ఆనుపానులు తెలియునప్పటికి కాలము ముగియును. చోటు తప్పిన పుస్తకము పోయిన పుస్తకమే. పోయినదానికి నష్టపరిహారము వసూలు చేయు నియమములున్నవి. అరలోనే యుండి దొరకనిదానికి ఏ నియమమును లేదు.

అంతర్జాలము వచ్చిన తరువాత గ్రంథాలయోద్యోగుల అవసరము తగ్గినదను వారు కలరు. 1991లో మొదలై గాంధీనగరమునుండి పనిచేయుచున్న గ్రంథాలయానుసంధాన సంస్థయగు ఇన్‌ఫ్లిబ్‌నెట్ మన విశ్వవిద్యాలయములకు చేసిన మేలు సామాన్యమైనది కాదు. ఆ సంస్థ నడుపు శోధ్‌గంగ అను భాండారములో సిద్ధాంతవ్యాసములు అందుబాటులోనికి వచ్చుటచేత పూర్వులు చేసిన పనిని తెలియక మరల చేయు శ్రమ కొంత తప్పుచున్నది. అయినను ఆ వ్యాసములను పుట తప్పకుండ ఎక్కించువారెవరు? విషయపదములను సరిగా ఇచ్చువారెవరు? పల్లెనుండి వచ్చి, కళాశాలలో అడుగిడువరకు పెద్ద గ్రంథాలయము ముఖము చూడని విద్యార్థిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని వెదకు విధానము నేర్పువారెవరు? 1935లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు మండలపు కాలువలో పడవమీద గ్రంథాలయమును నడిపించిరి. పుస్తకములు పడవలో నున్నవి, చదువరులు గట్టున నున్నారు. నడుమ తెడ్డు వేయువాడు లేనిచో ఆ పడవ రేవు దాటియుండునా? నేడు పడవకు మారు తంత్రి వచ్చినది, అంతే.

నా కోరికలు పెద్దవి కావు. కొఠారీ విద్యాసంఘము 1966లోనే విద్యార్థికి ఇంత, అధ్యాపకునకు ఇంత అని గ్రంథాలయవ్యయమును లెక్కగట్టి చూపినది. ఆ పద్ధతిని సిబ్బందికి గూడ అన్వయించి, ఇన్ని వేల గ్రంథములకు ఇందరు అరలవారు, ఇందరు సూచికాకారులు అని నిర్ణయించి, ఖాళీలను ఆ లెక్కనుబట్టి పూరింపవలెను. తాళపత్రములను సంరక్షించువారికిని, బైండరులకును శిక్షణము, దానికి తగిన వేతనము ఉండవలెను. పాఠ్యప్రణాళికాసంఘములలో గ్రంథాలయాధికారికి స్థానమున్నచోట, అది హాజరు పట్టికలో సంతకముతో ముగియక, ఫలానా గ్రంథము మనవద్ద ఒక్క ప్రతియే యున్నది, నూరుమంది విద్యార్థులకు దానిని పాఠ్యముగా పెట్టరాదని చెప్పగల అధికారముగా నుండవలెను.

ఈ ఉదయము మేము వచ్చునప్పటికే ఈ మందిరపు తలుపులు తెరచి, బల్లలు తుడిచి, నేను నిన్న సాయంకాలము అడిగిన రెండు గ్రంథములను నా కుర్చీమీద పెట్టినవారు ఆ చివరి వరుసలో నిలుచుండియున్నారు. వారికి ఇచ్చట కుర్చీలు వేయింపుడని నిర్వాహకులను ప్రార్థించుచున్నాను. మధ్యాహ్నపు గోష్ఠిలో మొదట చదువవలసిన పత్రము నాది. దానిని విరమించుకొనుచున్నాను; ఆ సమయమున ఈ గ్రంథాలయములో ముప్పది సంవత్సరములుగా అరలు చూచుచున్న మన మిత్రులు, తమకు కనబడిన లోపములను తమ మాటలలో చెప్పెదరు. మీరందరు దయచేసి కాగితము, కలము దగ్గర నుంచుకొనుడు.